ఆస్తి పంపకాలు, వీలునామా, వారసత్వం: ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో చాలావరకు పెదకర్మ అయిపోయాక మొదలవుతాయి. అప్పటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఉండడు, ఆయన బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయన్న దగ్గరే మాటలు పెరుగుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మామూలు కుటుంబాలకు పనికొచ్చేలా ఈ జవాబులు రాశాం. చివర్లో ముస్లింలు, క్రైస్తవుల గురించి చెప్పిన భాగం తప్ప మిగతాదంతా ప్రధానంగా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే.

మా నాన్న వీలునామా రాయకుండా పోయారు. ఆయన సంపాదించిన ఇల్లు ఎవరికి వస్తుంది?

భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి: వీళ్లందరికీ సమాన వాటాలు. పెళ్లయిన కూతురు, పెళ్లికాని కూతురు అనే తేడా లేదు. ఆయన కంటే ముందే చనిపోయిన కొడుకు ఉంటే, ఆ కొడుకు వాటాను అతని భార్యాపిల్లలు కలిసి తీసుకుంటారు.

అందరూ మర్చిపోయేది నాన్నమ్మను. మీ నాన్న పోయిన రోజుకి ఆవిడ బతికి ఉంటే ఆ ఇంట్లో ఆవిడకూ ఒక వాటా వచ్చేసినట్టే. తర్వాత ఆవిడ కూడా వీలునామా లేకుండా పోతే, ఆ వాటా ఆవిడ పిల్లలందరికీ, అంటే మీ బాబాయిలకూ మేనత్తలకూ కూడా వెళ్తుంది. "మా నాన్న కట్టిన ఇంట్లో బాబాయికి వాటా ఏంటండీ" అని ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు. దారి ఇదే. పైన చెప్పిన భార్య, పిల్లలు, తల్లి లాంటివాళ్లను చట్టం మొదటి తరగతి వారసులంటుంది. తాతగారు మాత్రం వాళ్లలో లేరు. వాళ్లలో ఒక్కరు ఉన్నా ఆయనకు ఏమీ రాదు.

అది తాతముత్తాతల నాటి పొలమైతే లెక్క మారుతుందా?

మారుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఎనిమిదెకరాల పిత్రార్జితం. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి వీలునామా లేకుండా పోయారు. చట్టం ఇక్కడ ఒక ఊహ చేస్తుంది: ఆయన పోవడానికి క్షణం ముందు పంపకం జరిగినట్టు. అప్పుడు తండ్రికి రెండెకరాలు, ముగ్గురు పిల్లలకూ తలా రెండెకరాలు. మన ప్రాంతంలో ఈ పంపకంలో తల్లికి విడిగా భాగం రాదు. తర్వాత తండ్రి తాలూకు రెండెకరాలు తల్లికీ ముగ్గురు పిల్లలకూ, అంటే నలుగురికీ సమానంగా వెళ్తాయి, తలా అరెకరం. వెరసి ముగ్గురు పిల్లలకు రెండున్నర ఎకరాల చొప్పున, తల్లికి అరెకరం.

ఆ చివరి అంకె మళ్లీ చూడండి. నలభై ఏళ్లు ఆ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసిన మనిషికి యాభై సెంట్లు, తెలంగాణ లెక్కలో ఇరవై గుంటలు. తండ్రి తన రెండెకరాలూ భార్య పేరున వీలునామా రాసి ఉంటే రెండెకరాలూ ఆవిడకే వచ్చేవి. పిత్రార్జితంలో తన వాటా వరకు వీలునామా రాసుకునే హక్కు ఆయనకు ఉంది. "పిత్రార్జితానికి విల్లు చెల్లదు" అని రచ్చబండ దగ్గర చెప్పేది సగమే నిజం.

ఇంకో మాట. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. తాత తన స్వార్జితాన్ని వదిలి 1956 తర్వాత పోతే, అందులో మీ నాన్నకు వారసత్వంగా వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. దాని మీద మనవలకు పుట్టుకతో హక్కు రాదు. ఇది చాలామందికి మింగుడుపడదు. కాబట్టి మీ పొలం ఏ కోవలోకి వస్తుందో పాత దస్తావేజులు చూడకుండా ఎవరూ నోటిమాటగా చెప్పలేరు.

అక్కకు కట్నం ఇచ్చి, ఘనంగా పెళ్లి చేశాం. ఇంకా వాటా ఉంటుందా?

ఉంటుంది. కట్నం ఇచ్చామన్నది వాటా ఎగ్గొట్టడానికి కారణం కాదు. అసలు కట్నం ఇచ్చానని కోర్టులో చెప్పుకోవడం నేరం ఒప్పుకోవడమే అవుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశం కంటే ముందు నడిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ అడ్డు కూడా తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానం మాత్రం ఏళ్ల తరబడి నలిగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, హక్కు పుట్టుకతోనే వస్తుంది కాబట్టి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని తేల్చింది.

2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలను మాత్రం ఇప్పుడు తిరగదోడలేరు. "మేం అప్పుడే నోటిమాటగా పంచుకున్నాం" అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు. దానికి ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం చూపాలి.

పసుపు కుంకుమ కింద అమ్మాయికి ఎకరం ఇచ్చాం. కాగితం లేదు. చెల్లుతుందా?

పెళ్లిపీటల మీద నలుగురిలో చెప్పి, అమ్మాయి వాళ్లు ఏళ్లుగా సాగు చేసుకుంటూ ఉంటే వాదించడానికి ఆధారం ఉంటుంది. కానీ అది వాదనే. ఇచ్చిన తండ్రి ఉన్నప్పుడు ఎవరూ ఏమీ అనరు. ఆయన పోయి, ఆ ఎకరం పక్కన రోడ్డు పడి, గజాల లెక్కన ధర పలకడం మొదలైన రోజున అన్నదమ్ములకు కాగితం గుర్తొస్తుంది. తండ్రి ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాన సెటిల్మెంట్, అంటే దానపత్రం చేయించుకోండి, పట్టా మార్పించుకోండి.

చెల్లెలు తనకేమీ వద్దంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించాం. సరిపోతుందా?

సరిపోదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు, మనవాళ్లు రిలీజ్ డీడ్ అనేది, రిజిస్టర్ కావాలి. నోటరీ ముద్ర పడితే కాగితానికి కళ వస్తుంది తప్ప హక్కు మారదు. రేపు ఇల్లు అమ్మబోతే బ్యాంకు లాయరు మొదట పట్టుకునేది ఇదే.

ఇంకొకటి, నాన్న బతికి ఉండగానే ఆయన స్వార్జితంలో "నాకు భవిష్యత్తులో వాటా వద్దు" అని కూతురు చేత రాయిస్తుంటారు. ఇంకా రాని హక్కును వదులుకోవడం మామూలుగా చెల్లదు. ఆయనకు ఆ ఉద్దేశం ఉంటే ఆయనే వీలునామా రాయాలి.

వీలునామా ఎలా రాయాలి? స్టాంపు పేపరు కావాలా?

అక్కర్లేదు. తెల్లకాగితం చాలు, చేత్తో రాసినా టైపు చేయించినా ఒకటే, తెలుగులో రాస్తే ఇంకా మంచిది. చట్టం అడిగేది ఇంతే: రాసే మనిషికి పద్దెనిమిదేళ్లు నిండాలి, తెలివిలో ఉండాలి, సంతకమో వేలిముద్రో వేయాలి, ఆయన సంతకం చేయడం చూసిన ఇద్దరు సాక్షులు ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. ఆ ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాల్సిన పనికూడా లేదు గానీ, ఉంటేనే మేలు.

సాక్షులను ఎంచుకోవడంలోనే చాలా వీలునామాలు దెబ్బతింటాయి. ఆయన ఈడువాళ్లనే పిలిస్తే, అవసరం వచ్చేసరికి వాళ్లూ ఉండరు. గొడవ కోర్టుకెక్కితే వీలునామాను నిరూపించడానికి కనీసం ఒక సాక్షిని బోనెక్కించాలి. కాబట్టి ఆయన కంటే వయసులో చిన్నవాళ్లు, ఆస్తితో సంబంధం లేనివాళ్లు, ఫోన్ చేస్తే దొరికేవాళ్లు కావాలి. లబ్ధి పొందే కొడుకునో అతని భార్యనో సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల విషయంలో అలా పెడితే ఆ వాటాయే పోతుంది. హిందువుల విషయంలో అంత దూరం పోదు కానీ, కోర్టుకు అనుమానం పుట్టించడానికి అదొక్కటి చాలు.

రాసేటప్పుడు "నా యావదాస్తి నా కుమారునికి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టొద్దు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఇంటి నంబరు, నాలుగు వైపులా హద్దులు రాయండి. ఎవరికైనా తక్కువ ఇస్తున్నా, అసలు ఇవ్వకపోయినా ఆ కారణం ఒక వాక్యంలో చెప్పండి. "నా పెద్ద కుమారునికి 2012లో విజయవాడలో ప్లాటు కొని ఇచ్చినందున ఈ ఇంటిలో అతనికి వాటా ఇవ్వలేదు": ఇలాంటి వాక్యం ఒకటి ఉంటే, తర్వాత పదేళ్ల కేసు కొన్నిసార్లు పుట్టకుండానే పోతుంది. కారణం లేకుండా ఒక బిడ్డ పేరు కనపడకపోతే, ఎవరో పక్కన కూర్చుని రాయించారన్న అనుమానం వస్తుంది.

డెబ్బై దాటినవాళ్లు, జబ్బులో ఉన్నవాళ్లు రాస్తుంటే అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ పెట్టుకోండి. ఆస్పత్రి మంచం మీద వేలిముద్ర వేయించిన వీలునామా పేరు చెబితేనే నాకు టెన్షన్. అది నిజమైనదే అయినా నిరూపించడం తలకు మించిన పని.

రిజిస్టర్ చేయించాలా?

తప్పనిసరి కాదు. చేయించని వీలునామా కూడా చెల్లుతుంది. అయినా చేయించండి. ఖర్చు తక్కువ, ఒరిజినల్ పోయినా నకలు దొరుకుతుంది, సంతకం ఆయనది కాదనడం ఎదుటివాళ్లకు కష్టమవుతుంది. లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదనుకుంటే, సీలు కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరిచే వీలు కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు.

రిజిస్టర్ అయినంత మాత్రాన అది మారదనుకోవద్దు. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరిదే చెల్లుతుంది. తర్వాతది తెల్లకాగితం మీద ఉన్నా, సరిగ్గా రాసి ఉంటే ముందు రిజిస్టర్ అయినదాన్ని కొట్టేస్తుంది.

వీలునామా మంచిదా, గిఫ్ట్ డీడ్ మంచిదా? పిల్లలు గిఫ్టే అడుగుతున్నారు.

అడుగుతారు. రిజిస్టర్ అయి, వాళ్లు స్వీకరించిన రోజు నుంచే ఆస్తి వాళ్లది కాబట్టి. మీ సంగతి? గిఫ్ట్ లేదా సెటిల్మెంట్ రాసిచ్చాక, మనసు మారిందని మీ అంతట మీరు వెళ్లి రద్దు చేసుకోలేరు. వీలునామా అలా కాదు, మీరు పోయేదాకా అది కాగితమే.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. ఉంటున్న ఇల్లు, నెలనెలా అద్దె వచ్చే గది, చేతిఖర్చుకు ఆసరాగా ఉన్న డిపాజిట్ బతికుండగా ఎవరికీ రాసివ్వకండి, ఎంత మంచి పిల్లలైనా సరే. ఇవ్వాలనిపిస్తే మిగిలిన దాంట్లో ఇవ్వండి. కొడుకు మంచివాడే కావచ్చు. కానీ అతనికి వ్యాపారంలో నష్టం వస్తే, అప్పులవాళ్లు జప్తు చేసేది అతని పేరున ఉన్న మీ ఇంటినే. అతను మీకంటే ముందు పోతే ఏమవుతుందో కూడా ఆలోచించుకోవాలి.

ఇవ్వక తప్పని పరిస్థితి అయితే రెండు షరతులు దస్తావేజులో రాయించండి. ఒకటి, మీరిద్దరూ జీవించి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దెలు అనుభవించే హక్కు మీవే అని. రెండోది, తీసుకున్నవాళ్లు మీ తిండి, మందులు, బాగోగులు చూడాలని, చూడకపోతే దస్తావేజు రద్దవుతుందని. డాక్యుమెంట్ రైటర్ పాత నమూనా తీసి "అమితమైన ప్రేమాభిమానములతో" అని నింపేస్తాడు. ఆ ప్రేమాభిమానాలు ఉంచుకోనివ్వండి, ఈ రెండు వాక్యాలూ చేర్పించకుండా సంతకం పెట్టకండి.

ఇప్పటికే రాసిచ్చేశాం. ఇప్పుడు మమ్మల్ని చూడటం లేదు. దారి ఉందా?

ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు చేసుకోవచ్చు. ఆర్డీవోయే అక్కడ ట్రిబ్యునల్. లాయరును పెట్టుకోవాల్సిన అవసరం లేదు. నెలకు పదివేల రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. బాగోగులు చూడాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తి బదిలీని, షరతు తప్పితే 23వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు.

దస్తావేజులో ఆ షరతు లేకపోతేనే చిక్కు. 2022లో సుప్రీంకోర్టు, షరతు ఉందని చూపించకపోతే రద్దు కుదరదంది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ల రక్షణ కోసమని గుర్తుంచుకుని ఉదారంగా చదవాలంది. ఆ కేసులో తల్లికి కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం కూడా పనికొచ్చింది. కాబట్టి అప్పట్లో రాసుకున్న ఉత్తరాలు, పెద్దమనుషుల ముందు రాసిన ఒప్పందం, ఏదున్నా పారేయకండి.

బ్యాంకులో నామినీగా నా పేరే ఉంది. డబ్బు మొత్తం నాదేనా?

నామినీ అంటే డబ్బు చేతికందుకునే మనిషి. మామూలుగా బ్యాంకు డబ్బుకు సొంతదారు కాదు. తీసుకుని వారసులకు పంచాలి. షేర్ల విషయంలోనూ అంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వాళ్లకు సొంత లబ్ధిదారుల హోదా ఇచ్చారు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు.

పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో అమ్మ పేరు, పీఎఫ్‌లో ఎప్పుడో పోయిన నాన్న పేరు ఇంకా నామినీలుగా ఉన్నాయేమో ఈ వారంలోనే చూసుకోండి.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సక్సెషన్ సర్టిఫికెట్ ఒకటేనా?

కాదు. మొదటిది తహసీల్దారు ఇచ్చేది, మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెడతారు. పోయినాయన కుటుంబంలో ఎవరెవరున్నారో మాత్రమే అది చెబుతుంది. పింఛను, ఉద్యోగ బకాయిలు, పట్టా మార్పు లాంటి వాటికి పనికొస్తుంది. రెండోది సివిల్ కోర్టు ఇచ్చేది, బ్యాంకు డబ్బు, షేర్లు, రావాల్సిన బాకీల కోసం. ఇంటికీ పొలానికీ సక్సెషన్ సర్టిఫికెట్ ఉండదు. ఆ మాట తెలియక ఇంటి కోసం కోర్టులో దాన్ని వేసి ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

తమ్ముడు పట్టా తన పేరుకు మార్పించుకున్నాడు. ఇక పొలం అతనిదేనా?

రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కడం వేరు, హక్కు రావడం వేరు. తెలంగాణలో విరాసత్ (వారసత్వం కింద పేరు మార్పు) చేయించుకున్నా, ఆంధ్రలో వన్-బీ అనే భూమి రికార్డులో పేరు మారినా, మిగతా వారసుల వాటా దానితో పోదు. సివిల్ కోర్టులో భాగపరిష్కారం దావా, అంటే వాటాలు పంచమని దావా వేయవచ్చు. అయితే ఊరికే కూర్చోకండి. అతను మూడో మనిషికి అమ్మేస్తే కథ ఇంకా ముదురుతుంది. ముందు ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చేమో కనుక్కోండి, ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చెప్పే పత్రం తీసి చూడండి. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాక తెలంగాణలో దరఖాస్తుల తీరు మారింది కాబట్టి పాత సలహాలు పట్టుకుని తిరగొద్దు.

అమ్మ పేరున ఉన్న ఆస్తి ఎవరికి?

అది పూర్తిగా ఆమె సొంతం. పుట్టింటివాళ్లు ఇచ్చినా, తను కొన్నా, బతికుండగా ఆమె ఇష్టం. వీలునామా లేకుండా పోతే భర్తకూ పిల్లలకూ సమానంగా వెళ్తుంది.

భర్తా పిల్లలూ లేని స్త్రీ విషయంలో చట్టం విచిత్రంగా ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి పుట్టింటివైపు వారసులకు వెళ్తుంది, అది బాగానే ఉంది. కానీ ఆమె సొంత జీతంతో కొన్న ఫ్లాటు, చదివించిన అమ్మానాన్నలను దాటి, ముందుగా చనిపోయిన భర్త వారసులకు వెళ్తుంది. పిల్లలు లేని ఉద్యోగిని వీలునామా రాయడం వాయిదా వేయకూడదు.

రెండో భార్య పిల్లలకు హక్కుందా?

మొదటి పెళ్లి రద్దుకాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు కాబట్టి రెండో భార్య వారసురాలు కాదు. పిల్లలు మాత్రం తండ్రి ఆస్తికి వారసులే. పిత్రార్జితంలో తండ్రికి పడే వాటాలోనూ వాళ్లకు భాగం ఉంటుందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలది ఏ తప్పూ లేదు కదా.

మైనర్ పిల్లల వాటా అమ్మవచ్చా?

మైనరుకు విడిగా వచ్చిన ఆస్తిని తల్లయినా తండ్రయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అలా అమ్మితే, పద్దెనిమిది నిండాక మూడేళ్లలోపు ఆ పిల్లలు దాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు. కొనేవాళ్లు వెనకాడేది అందుకే.

మేం అమెరికాలో ఉంటాం. ఇండియాకి రాకుండా పంపకాలు చేసుకోగలమా?

జీపీఏ, అంటే మీ తరఫున పని చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం ఇస్తే కుదురుతుంది. అక్కడి భారత కాన్సులేట్‌లోనో, నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించో పంపాలి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. "అన్ని అధికారాలూ" అని రాయకుండా, ఏ ఆస్తికి, ఏ పని కోసం అన్నది మాత్రమే రాయండి. ఇచ్చిన మనిషి చనిపోతే జీపీఏ మామూలుగా అక్కడితో ముగిసిపోతుంది. నాన్న ఇచ్చిన జీపీఏతో ఆయన పోయాక ఇల్లు అమ్మబోవడం మనవాళ్లు తరచూ చేసే పని.

అమెరికా పౌరసత్వం తీసుకున్నా వారసత్వ హక్కు పోదు. వ్యవసాయ భూమిని ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) కొనలేరు గానీ వారసత్వంగా పొందవచ్చు.

నాన్న చేసిన అప్పులు మేం కట్టాలా?

ఆయన నుంచి మీకు ఎంత ఆస్తి వచ్చిందో అంతవరకే. మీ జీతం నుంచీ, మీ సొంత ఇంటి నుంచీ వసూలు చేయలేరు. మీరు హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం అది మీ అప్పే.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు?

ముస్లింలు అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయాలంటే వారసులు ఒప్పుకోవాలి. సున్నీల్లో వారసుల్లోనే ఒకరికి రాయాలన్నా మిగతావాళ్ల సమ్మతి కావాలి. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు. కూతురికి కొడుకు వాటాలో సగం. బతికుండగా చేసే హిబాకు, అంటే దానానికి స్వాధీనం అప్పగించడం ముఖ్యం.

క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులూ కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. వీలునామా రాయాలంటే యావదాస్తికీ రాసుకోవచ్చు.

వారసత్వానికి పన్ను ఉందా?

లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేశారు. తర్వాత ఆ ఆస్తిని మీరు అమ్మితే వచ్చే లాభం మీద మాత్రం పన్ను ఉంటుంది.

లాయరు దగ్గరికి వెళ్లేముందు ఏం పట్టుకెళ్లాలి?

వంశవృక్షం ఒక కాగితం మీద గీసుకెళ్లండి. పోయినవాళ్ల పేర్ల పక్కన పోయిన తేదీలు రాయండి, ఏడాదైనా సరే. పైన చూశారుగా, 1956, 1985, 2005 తేదీలకు అటా ఇటా అన్నదాని మీదే లెక్క మారిపోతుంది. మరణ ధ్రువీకరణ పత్రాలు, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ముందు ఎవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు), ఈసీ, పట్టాదారు పాస్‌పుస్తకం, పాత పహాణీ లేదా అడంగల్ నకళ్లు, ఇంటిపన్ను రసీదులు పెట్టుకోండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచి జిరాక్సులు తీసుకెళ్లండి. బ్యాంకుల్లో మర్చిపోయిన డిపాజిట్లు ఉన్నాయని అనుమానం ఉంటే రిజర్వు బ్యాంకు వాళ్ల ఉద్గమ్ పోర్టల్‌లో నాన్న పేరుతో, పాన్ నంబరుతో వెతికి చూడండి. ఆయన ఏ పుస్తకంలోనూ రాయని ఖాతా అందులో బయటపడవచ్చు.